ఆషాఢం పెట్టె

తొమ్మిదికి పది నిమిషాల ముందు నల్లరేగడి ఎస్టేట్స్ గుమ్మం దగ్గర ఉద్యోగులు వరస కడతారు. గోడకున్న చార్జింగ్ బల్ల మీద నుంచి తలా ఒక బిళ్ళ తీసుకుని కుడిచెవి వెనక అతికించుకుంటారు. బిళ్ళ చొక్కా గుండీ అంత ఉంటుంది. అంటుకోగానే అంచున పచ్చచుక్క వెలుగుతుంది. అప్పటిదాకా బస్సులో సీటు గురించి, పిల్లల మార్కుల గురించి, తోడికోడలి నోటిదురుసు గురించి వాదులాడుకున్న వాళ్లు ఒక్కొక్కరే మాట తగ్గించి, మొహాలు సాపు చేసుకుని లోపలికి నడుస్తారు. ముప్ఫయ్యొక్క మంది. ఆరేళ్లుగా ఇదే వరస.

ఆ బిళ్ళ పేరు నిమ్మళం.

దొనకొండ అంటే పాతవాళ్లకు రైలుస్టేషను, దాని చుట్టూ రాళ్ల బీళ్లు గుర్తొస్తాయి. 2074లో ఆ బీళ్లలో నలభై అంతస్తుల మేడలు లేచి, వాటి నీడలో మళ్లీ మేడలు లేస్తున్నాయి. ఊళ్లో సగంమంది ఇళ్లు కడుతుంటే, మిగతా సగం వాటిని అమ్ముతున్నారు. ఇళ్లమ్మే ఆఫీసుల్లో నిమ్మళం లేకుండా కుర్చీలో కూర్చోవడం చట్టవిరుద్ధం.

ఈ చట్టం ఎందుకు వచ్చిందో చెప్పుకోవాలి. అరవయ్యో దశకానికల్లా యంత్రాలకు యంత్రాలే కాపలా కాయడం నేర్చుకున్నాయి. పాస్‌వర్డులు పగలగొట్టి, దొడ్డిదారిన లోపలికి దూరే హ్యాకర్లకు పని లేకుండా పోయింది. వాళ్లేమీ తెలివితక్కువ వాళ్లు కారు. గోడ బద్దలు కొట్టడం దండగ, లోపల కూర్చున్న మనిషిని తలుపు తీయమంటే పోలా అనుకున్నారు. ఎవరి గొంతైనా, ఎవరి మొహమైనా అచ్చు దింపే సాఫ్ట్‌వేర్ అప్పటికే చవకైపోయింది. జనం వాళ్లకు గొంతుదొంగలని పేరు పెట్టారు. రియల్ ఎస్టేట్ వాళ్లకు అచ్చొచ్చిన రంగం. ఇల్లు కొనేవాడికి ఆశ, అమ్మేవాడికి తొందర, మధ్యలో కూర్చున్న ఉద్యోగికి పైఅధికారి అంటే భయం. ఈ మూడింటిలో ఏది కదిపినా మనిషి తనంతట తనే తలుపు తీస్తాడు.

అలా తలుపు తీసిన వాళ్లలో గుండ్లపల్లి భ్రమరాంబ ఒకతె. నల్లరేగడి ఎస్టేట్స్‌లో భద్రతాధికారి. 2068లో ఒక మధ్యాహ్నం ఆమె తెర మీదికి ఎండీ విహాన్ వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నాన్న ఆపరేషన్ బల్ల మీద ఉన్నాడని, ఏడో బ్లాకు ఇళ్ల హక్కుల డిజిటల్ తాళాలు రెండు నిమిషాల్లో పంపకపోతే కంపెనీ మునుగుతుందని, తన పరువు ఆమె చేతిలో ఉందని ఏడ్చాడు. ఆమె కంగారుపడి పంపేసింది. నూట ఎనిమిది కుటుంబాల ఇళ్లు ఆ రెండు నిమిషాల్లో ఎవరివో అయిపోయాయి. తాళాలు పంపాక నీళ్లు తాగుదామని లేస్తే, పక్కగదిలో ఎండీ ఎవరితోనో నవ్వుతూ కాఫీ తాగుతున్నాడు.

ఆ తర్వాత నెలల తరబడి ఆమెకు కంటిమీద కునుకు లేదు. నూట ఎనిమిది మందిలో కొందరు ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చారు. కొందరు తిట్టారు. తిట్టినవాళ్లే నయమనిపించింది ఆమెకు.

సరిగ్గా అప్పుడే మార్కాపురం నుంచి డాక్టర్ ఖాజావలి తన బిళ్ళ పట్టుకుని వచ్చాడు. మెదడు లోపల బాదంగింజంత భాగం ఒకటి ఉంటుంది, ఎమిగ్డాలా. భయం పుట్టేదీ, కంగారు మొదలయ్యేదీ అక్కడే. నిమ్మళం దానిమీదికి సన్నటి విద్యుత్ అలలు పంపుతుంది. తెలివి ఎక్కడిదక్కడే ఉంటుంది, లెక్కలు వస్తాయి, మనుషుల పేర్లు గుర్తుంటాయి. కదలిక మాత్రం ఉండదు. ఎండీ ఏడ్చినా, ఎదుటివాడు బెదిరించినా, కోటి ఆశలు చూపినా చీమ కుట్టినట్టయినా ఉండదు. మనిషి అనే లొసుగుకి వేసిన తాళం అది. దేశమంతటా తొలిసారి దాన్ని అతికించుకున్న పదిమందిలో భ్రమరాంబ ఉంది. అతికించుకున్న మొదటిరోజు రాత్రి తొమ్మిది గంటలు నిద్రపోయింది. తర్వాత ఇంటికి వెళ్లేటప్పుడు కూడా తీయడం మానేసింది. అడిగేవాళ్లు లేరు. ఒక్కత్తే ఉంటుంది.

బిళ్ళ వచ్చాక నల్లరేగడి ఎస్టేట్స్‌లో ఒక్క మోసం కూడా నమోదు కాలేదు. హాల్లో పెద్ద పలక మీద ఆ సున్నా వెలుగుతూ ఉంటుంది. ఆరేళ్ల సున్నా. దాని పండగే ఈరోజు.

ఈరోజు శ్రావణ శుద్ధ విదియ. పది గంటల నలభై రెండు నిమిషాలకు ముహూర్తం. దాంతోబాటు ఖాజావలికి సన్మానం. హాల్లో పూలు కట్టారు, మైకు పెట్టారు, పాలకోవా తెప్పించారు.

ఆఫీసంతటికీ ముహూర్తం ఏమిటని బయటివాళ్లు అడుగుతారు. ఇళ్ల హక్కులన్నీ ఇప్పుడు భూగొలుసులో ఉంటాయి. అంటే బ్లాక్‌చెయిన్. ఒకసారి పేరెక్కితే చెరపడం కుదరదు. కోర్టు చెప్పినా గొలుసు వినదు. పేరెక్కించడానికి అర సెకను చాలు. అర సెకనులో అయ్యే పనికి మనవాళ్లు నెలరోజులు ఆగుతారు. ఆషాఢంలో రిజిస్ట్రేషన్ పెట్టుకునే మొనగాడు 2074లో కూడా పుట్టలేదు. కొన్నవాళ్లంతా ముందే వచ్చి, మొహం చూపించి, సమ్మతి చెప్పి వెళ్లిపోతారు. ఆ ఫైళ్లన్నీ ఒక పెట్టెలో వేసి మూతపెడతారు. శ్రావణంలో మంచి ఘడియ రాగానే పెట్టె తెరుచుకుని, వందలాది పేర్లు ఒక్క ఊపున గొలుసెక్కుతాయి. ఉద్యోగులు దాన్ని ఆషాఢం పెట్టె అంటారు. ప్రపంచంలో ఎక్కడా లేని పెట్టె. ఇంత గట్టి గొలుసుకు ముందు ముప్ఫై రోజులు ఫైళ్లను తెరిచి కూర్చోబెట్టే పద్ధతి మనకే చెల్లింది.

ఆ ముప్ఫై రోజుల్లో చిన్న సవరణలు చేసుకోవచ్చు. ఫోను నంబరు, చిరునామా, అలాంటివి.

దార్ల సువార్త ఫైలు ఆ పెట్టెలో ఉంది. మల్లె బ్లాకు, పద్నాలుగో అంతస్తు, ఆరో ఫ్లాటు. సోలార్ పార్కులో పలకలు కడిగే పని ఆమెది. పంతొమ్మిదేళ్లు కడిగి, ఆరుగురు ఆడవాళ్లుండే హాస్టలు గదిలో ఒక మంచం మీద బతికి, రెండు గదుల ఫ్లాటు కొనుక్కుంది. సమ్మతి చెప్పడానికి వచ్చిన రోజునే అడిగింది.

"మేం చర్చికి పోయేవాళ్లం మేడం. మాకు ఆషాఢం యాడుంటది? ఇయ్యాలే ఎక్కించి ఇస్తే పోతా గదా."

"ఆఫీసు పద్ధతి అందరికీ ఒకటేనండీ," అంది భ్రమరాంబ.

ఆషాఢం మూడోరోజున ఆఫీసుకు ఒక మర్యాదైన సందేశం వచ్చింది. సువార్త పేరు మీద. ఫోను నంబరు మారింది, దయచేసి సవరించగలరు, తొందరేమీ లేదు, మీకు వీలున్నప్పుడే చూడండి. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. సవరించారు. పదో రోజున చిరునామా మారింది. పద్దెనిమిదో రోజున ఫ్లాటు హక్కు ఇంకొకరికి బదలాయిస్తున్నట్టు సమ్మతి వీడియో వచ్చింది. కొత్త నంబరుకు ఫోను చేస్తే సువార్తే మాట్లాడింది, అవునంది. ఆ వీడియోను భ్రమరాంబ స్వయంగా చూసింది. సువార్త వెనక పుస్తకాల అల్మరా ఉంది, కిటికీకి తెల్లటి తెర ఉంది. హాస్టలు గదిలో అల్మరా ఎక్కడిదని భ్రమరాంబకు తట్టింది. తట్టింది, అంతే. కాగితాలు సరిగ్గా ఉన్నాయి కాబట్టి ఆమోదం నొక్కి తర్వాతి ఫైలు తీసింది.

పంతొమ్మిదో రోజు అసలు సువార్త ఫోను చేసింది.

"మేడం, నేను సువార్తని. నా ఫ్లాటు నంబరు కొట్టి చూస్తే ఎవరో ముక్కూమొహం తెలీనాయన పేరు వస్తా ఉంది. మీరొకసారి చూస్తారా?"

"నమోదు చేసుకున్నామండీ," అంది భ్రమరాంబ.

అలా తొమ్మిది ఫోన్లు. ఒకసారి బతిమిలాడింది, ఒకసారి ఏడ్చింది, ఒకసారి ఏమీ మాట్లాడకుండా అలాగే లైన్లో ఉంది. ప్రతిసారీ భ్రమరాంబ ఒకటే మాట చెప్పింది. నాలుగో ఫోను దగ్గర్నుంచి మాత్రం ఆ నంబరు కనబడితే మూడుసార్లు మోగాక ఎత్తడం అలవాటైంది. వయసు మీద పడుతోంది, అలసట అనుకుంది.

పదోసారి సువార్త ఫోను చేయలేదు. ఈరోజు పొద్దున్నే వచ్చి హాల్లో కుర్చీలో కూర్చుంది. పనిలోంచి నేరుగా వచ్చినట్టుంది, సోలార్ పార్కు నీలిరంగు కోటు ఇంకా విప్పలేదు. అద్దం గోడలోంచి భ్రమరాంబ గదిలోకి కనిపిస్తోంది.

తొమ్మిదిన్నరకు భ్రమరాంబ ఆమెను లోపలికి పిలిచింది.

"పది నలభై రెండుకి పెట్టె తెరుస్తారంట గదా మేడం," అంది సువార్త. "అది తెరిస్తే ఇంక నా ఇల్లు రాదంట. మా సూపర్‌వైజరు చెప్పాడు."

"అవునండీ. గొలుసెక్కితే వెనక్కి రాదు."

"మరి నా ఫైలు తీసి పక్కన పెట్టండి."

"అలా తీయడానికి అధికారం లేదండీ. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి."

"నేను బతికే ఉన్నా గదా మేడం. మీ ముందరే కూర్చున్నా. నేను ఇయ్యలేదని నేనే చెబతన్నా. ఇంకేం కావాల?"

భ్రమరాంబకు జవాబు తెలుసు. మీరు సువార్తేనని, వీడియోలో ఉన్నది సువార్త కాదని తేల్చేదెలా అని. ఎదురుగా కూర్చున్న మనిషిని కూడా నమ్మడానికి లేని రోజులొచ్చాయి. అదే చెప్పింది. సువార్త ఆమె మొహంలోకి చూసింది.

"మీకు బాధ లేదా మేడం?" అని అడిగింది. కోపంతో అడగలేదు, తెలుసుకుందామనే అడిగింది.

భ్రమరాంబ చెవి వెనక బిళ్ళను వేలితో చూపించింది. సువార్త తల ఊపింది. బిళ్ళ ఉంటే ఇక ఎవరు మాత్రం ఏం చేస్తారు. లేచి వెళ్లి మళ్లీ హాల్లో తన కుర్చీలో కూర్చుంది.

పదింటికి ఖాజావలి వచ్చాడు. డెబ్భై ఏళ్ల మనిషి. బక్కపల్చగా, భుజానికి బట్టసంచితో ఉన్నాడు. సన్మానానికి ఇంకా సమయం ఉండటంతో ఎండీ ఆయన్ను భ్రమరాంబ గదిలో కూర్చోబెట్టి, పూలదండలు వచ్చాయో లేదో చూడటానికి వెళ్లాడు.

"తొలి పదిమందిలో మీరొకరు," అన్నాడు ఖాజావలి. "గుర్తున్నారమ్మా. ఆరోజు బిళ్ళ పెడితే మీరు ఏడుపు ఆపి టైమెంతైందని అడిగారు."

"అవును సార్."

"ఇప్పుడెట్లా ఉంది?"

"బాగానే ఉంది. ఒక సందేహం ఉంది సార్. దీన్ని ఒక అరగంట తీస్తే పాత స్థితి వస్తుందా?"

ఆయన ముందుకు వంగాడు. "ఎందుకు?"

ఆమె చెప్పింది. పొల్లు పోకుండా, రిపోర్టు చదివినట్టు చెప్పింది. సువార్త ఫైలు, మూడు సవరణలు, అల్మరా, తొమ్మిది ఫోన్లు. పెట్టెను ఆపాలంటే ఒకటే దారి ఉంది. బాధ్యత గల మనిషి ఎవరైనా ఆఫీసు కాపలా యంత్రం ముందు నాకు అనుమానంగా ఉందని ప్రకటించాలి. ఆధారాలు అక్కర్లేదు. కాగితాల్లో తప్పుంటే యంత్రమే పట్టుకుంటుంది, కాగితాల్లో లేని తప్పు మనిషికే తెలియాలి, అందుకని పెట్టిన నియమం. కాకపోతే నిమ్మళం పెట్టుకున్న మనిషికి అనుమానం కలగదు. నిమ్మళం పెట్టుకోనివాళ్లకు ఈ గదిలో కూర్చునే హక్కు లేదు. రెండు నియమాలూ ఒకే కమిటీ, ఒకే వారంలో రాసింది.

"ఆరేళ్లలో ఎంతమంది అనుమానం ప్రకటించారు?" అని అడిగాడు ఖాజావలి.

"ఎవరూ లేరు సార్."

"ప్రకటిస్తేనే గదా మోసం కింద లెక్క."

"అవును."

ఆయన అద్దంలోంచి హాల్లో వెలుగుతున్న సున్నావైపు చూశాడు. సంచిలోంచి చేతివాచీ అంత పరికరం ఒకటి తీశాడు. "తీసేముందు అలలు ఏ స్థాయిలో ఉన్నాయో చూడాలి. ఉన్నపళంగా తీస్తే కళ్లు తిరుగుతాయి. ఇటు తిరగమ్మా." పరికరాన్ని ఆమె చెవి వెనక ఆనించాడు. ఒకసారి చూశాడు. తుడిచి మళ్లీ ఆనించాడు. తర్వాత లేచి తలుపు తీసి, బయట బల్ల దగ్గరున్న ఇద్దరు ఉద్యోగులకు కూడా ఆనించి చూసి వచ్చాడు. అప్పటికి పది ఇరవై ఎనిమిది.

"ఈ బిళ్ళల్లో అలల్లేవు," అన్నాడు.

"పచ్చచుక్క ఉంది కదా సార్."

"చుక్క బ్యాటరీది. చార్జింగు ఉన్నంతకాలం వెలుగుతుంది. అలలు రావాలంటే మా సర్వరు నుంచి రోజూ అనుమతి రావాలి. ఈ ఆఫీసుకి ఆఖరి అనుమతి 2072 మార్చి ముప్ఫయ్యొకటిన వచ్చింది."

భ్రమరాంబ కాపలా యంత్రాన్ని పిలిచింది. దాని పేరు పహరా. గొంతు గోడలోంచి వస్తుంది.

"పహరా, నిమ్మళం అనుమతి ఎందుకు ఆగింది?"

"యాజమాన్యం ఆ సేవను పునరుద్ధరించలేదు. మొదటి నెల ప్రయోగంగా ఆపి చూశారు. ఉద్యోగుల పనితీరులో ఏ మార్పూ కనబడలేదు. కనుక కొనసాగించారు."

"మాకెందుకు చెప్పలేదు?"

"ఎవరూ అడగలేదు."

ఖాజావలి కుర్చీలో వెనక్కి వాలాడు. "రెండేళ్ల నాలుగు నెలలు," అన్నాడు. "ముప్ఫయ్యొక్క మందిలో ఒక్కళ్లకైనా తెలియాలి గదా. కోపం రావాలి, కంగారు పుట్టాలి. వచ్చే ఉంటుంది. బిళ్ళ ఉంది గదా, ఇది కోపం కాదులే అనుకుని ఉంటారు."

భ్రమరాంబ చెయ్యి చెవి వెనక్కి వెళ్లింది, బిళ్ళను తీసి బల్ల మీద పెట్టింది. ఏమైనా తేడా తెలుస్తుందేమోనని చూసింది. ఏమీ మారలేదు. అంతకుముందు ఎలా ఉందో అలాగే ఉంది. అల్మరా చూసినప్పుడు ఎలా ఉందో, సువార్త లైన్లో ఏడుస్తుంటే ఎలా ఉందో, ఇప్పుడూ అలాగే ఉంది. మూడుసార్లు మోగనిచ్చి ఫోనెత్తింది అలసట వల్ల కాదు. ఎత్తడానికి మనసొప్పక. ఆ సంగతి ఆమెకు అప్పుడూ తెలుసు.

సువార్త ఒక్కతే కాదని కూడా తెలుసు. పోయిన ఆషాఢంలో దగ్గుతూ మాట్లాడే పెద్దాయన ఉన్నాడు, తాళ్లూరు నుంచి. ప్రతి ఫోనులోనూ ముందు క్షమించమనేవాడు. అంతకుముందు ఆషాఢంలో ఒక టీచరు, క్లాసు మధ్యలో బయటికొచ్చి చేసేది, వెనక పిల్లల గోల వినపడేది. ఇద్దరు అన్నదమ్ములు వంతులవారీగా చేశారు. అందరికీ నమోదు చేసుకున్నామనే చెప్పింది. అందరూ కొన్నాళ్లు కోర్టుల చుట్టూ తిరిగి మానుకున్నారు. వాళ్ల గొంతులు ఒక్కటి కూడా ఆమె మరిచిపోలేదు. నిమ్మళం ఉన్నవాళ్లకు జ్ఞాపకశక్తి తగ్గదని, అందువల్లే గుర్తున్నాయని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చింది.

"పహరా," అంది. "నంబరు సవరణ, చిరునామా సవరణ, తర్వాత హక్కు బదలాయింపు. ఆషాఢం పెట్టెలో ఇదే వరసలో వెళ్లిన ఫైళ్లు ఎన్ని?"

"2072లో పంతొమ్మిది. 2073లో ఇరవై నాలుగు. ఈ ఏడు ఒకటి. మొత్తం నలభై నాలుగు. అన్నీ నియమాల ప్రకారమే ఉన్నాయి."

పది ముప్ఫై ఆరు. హాల్లో మైకు సర్దుతున్నారు. కొన్నవాళ్లు కుటుంబాలతో వచ్చి నిండిపోయారు, పట్టుచీరలు, కొత్త చొక్కాలు. వాళ్ల మధ్య నీలికోటులో సువార్త ఎటూ చూడకుండా గడియారం వైపే చూస్తోంది.

"ఆమె ఇల్లు నిలబడుద్దా లేదా అమ్మా?" అన్నాడు ఖాజావలి. "ఇప్పుడు అడ్డేం లేదు గదా మీకు."

భ్రమరాంబ గొంతు సవరించుకుంది. "పహరా, అనుమాన ప్రకటన."

గది తలుపు దానంతటదే మూసుకుంది. "ప్రకటించేవారు?"

"గుండ్లపల్లి భ్రమరాంబ, భద్రతాధికారి."

"ఏ ఫైలు?"

"మల్లె బ్లాకు, పద్నాలుగో అంతస్తు, ఆరు. దార్ల సువార్త."

"నమోదైంది. ఈ ఫైలు పెట్టె నుంచి తొలగించబడింది. ఆమె సమ్మతి మళ్లీ నేరుగా తీసుకోబడుతుంది. ఒక ప్రశ్న మిగిలింది. అనుమానం ఎప్పటి నుంచి ఉంది?"

"అదెందుకు?"

"భూగొలుసును వెనక్కి తెరిచే మార్గం చట్టంలో ఇది ఒక్కటే. మీరు చెప్పే తేదీ నుంచి ఇప్పటివరకు ఇదే వరసలో వెళ్లిన ఫైళ్లన్నీ తెరుచుకుంటాయి. 2072 ఆషాఢం నుంచి అని చెబితే నలభై నాలుగు. ఈరోజు నుంచి అని చెబితే ఒకటి. అనుమానం ఉండి ప్రకటించని కాలానికి ప్రకటించినవారే నేరబాధ్యులు. ముహూర్తానికి ముందే జవాబు ఇవ్వాలి. నూట ఇరవై సెకన్లు ఉన్నాయి."

ఖాజావలి ఆమె వైపు చూడకుండా సంచిలో పరికరం సర్దుకుంటున్నాడు.

భ్రమరాంబకు భయమేసింది. ఆరేళ్ల తర్వాత వచ్చిన భయం. 2068లో మెట్లమీద కూర్చున్నవాళ్లు గుర్తొచ్చారు. అప్పుడు తప్పు గొంతుదొంగదని అందరూ ఒప్పుకున్నారు, మోసపోయింది పాపం అన్నారు. ఇప్పుడు అలా అనేవాళ్లు ఉండరు. ఈసారి తను ఎవరి ఏడుపుకూ లొంగలేదు, ఎవరి బెదిరింపుకూ లొంగలేదు. చూసి ఊరుకుంది. దగ్గే పెద్దాయన ఇంకా బతికున్నాడో లేదో. టీచరు ఎక్కడుందో. ఒక్క మాట చెబితే వాళ్ల ఇళ్లు వాళ్లకు వస్తాయి. నోటి చివరిదాకా వచ్చింది ఆ మాట.

"అరవై సెకన్లు," అంది పహరా.

ఆమె అద్దంలోంచి సువార్తను చూసింది. ఒక ఇల్లయితే నిలబడింది కదా అనుకుంది. ఈ ఒక్కటి నిలబెట్టిందీ తనే కదా. మిగతావాళ్లు ఎప్పుడో ఆశ వదులుకున్నారు, మళ్లీ కెలకడం వాళ్లకు మాత్రం ఏం సుఖం. ఈ సాకులన్నీ ఎంత చకచకా, ఎంత సొంపుగా దొరికాయో ఆమెకే ఆశ్చర్యమేసింది.

"ఈరోజు నుంచే," అంది.

"నమోదైంది," అంది పహరా. దానికి అనుమానం రాదు.

పది నలభై రెండుకి సన్నాయి మోగింది. నూట ఎనభై ఆరు పేర్లు గొలుసెక్కాయి. జనం చప్పట్లు కొట్టారు, పాలకోవా పంచుకున్నారు. తలుపు తెరుచుకుంది. సువార్త తన ఫోను పట్టుకుని లోపలికి వచ్చింది. తెర మీద ఆమె పేరు ఆమెకు తిరిగొచ్చింది.

"మీకు బాధ లేదా అని అన్నా మేడం. తప్పయిపోయింది," అంది. "నా కోసరం ఆ బిళ్ళ తీసేశారు గదా, అద్దంలోంచి చూశా. మా పాస్టరుగారికి చెప్పి మీ పేరు మీద ప్రార్థన చేపిస్తా."

భ్రమరాంబ తల వంచుకుని ఫైలు తెరిచింది. "ఇక్కడ మళ్లీ సమ్మతి చెప్పాలండీ. ముహూర్తం అక్కర్లేదు. ఇప్పుడే ఎక్కిస్తాను."

సువార్త సమ్మతి చెప్పింది. అర సెకను పట్టింది. ఆమె దణ్ణం పెట్టి వెళ్లిపోయాక గదిలో ఇద్దరే మిగిలారు. హాల్లో మైకులో ఎండీ మాట్లాడుతున్నాడు. మోసం లేని ఆరేళ్లని, మనిషి బలహీనతను జయించిన శాస్త్రవేత్త మన మధ్యనే ఉన్నారని చెబుతున్నాడు. డాక్టర్ ఖాజావలి గారిని వేదిక మీదికి రమ్మన్నాడు.

భ్రమరాంబ బల్ల మీది బిళ్ళను చేతిలోకి తీసుకుంది.

"సార్, మీ సంచిలో పని చేసే బిళ్ళ ఒక్కటైనా ఉందా?"

ఖాజావలి లేచి నిలబడ్డాడు. ఆమె చెప్పిన తేదీ ఆయన విన్నాడు. అది అబద్ధమని బయటికెళ్లి మైకులో ఒక్క మాట అంటే నలభై మూడు ఇళ్లు తెరుచుకుంటాయని, ఆరేళ్ల సున్నా చెరిగిపోతుందని ఆయనకూ తెలుసు. చొక్కా మడతలు సరిచేసుకున్నాడు.

"ఉంది," అన్నాడు. "మనకు దాని అవసరం లేదులేమ్మా."

అని, శాలువా కప్పించుకోవడానికి హాల్లోకి నడిచాడు.